పైవాడి బెల్టు

మామయ్య సేఫ్టీ బెల్టు మార్చింది నేనే. ముందే ఒప్పేసుకుంటే ఓ పనైపోతుంది. ఎలాగూ షెడ్డంతా తెలిసిపోయింది, అత్తకి తెలిసిపోయింది, మా అమ్మ చీపురు ఎక్కడుందో వెతికింది కూడా. ఇక మీ దగ్గర దాచి బావుకునేదేముంది?

మామయ్యంటే మా అమ్మకి సొంత తమ్ముడు. ఇనుప సామాను గోడౌన్లో క్రేన్ నడుపుతాడు. రోడ్ల మీద తిరిగే క్రేన్ కాదు. షెడ్డు కప్పు కింద ఆ గోడ నుంచి ఈ గోడకి పట్టాలుంటాయి, వాటి మీద నడిచే క్రేన్. దానికి వేలాడుతూ ఒక గాజు గది. గోడకి నిటారుగా బిగించిన ఇనుప నిచ్చెన ఎక్కి, గది అడుగున ఉన్న మూత తల మీదుగా ఎత్తి, ఆ కంతలోంచి లోపలికి దూరాలి. కంత సైజు కట్టిన రోజు నుంచీ అంతే ఉంది. మామయ్యే ఏటేటా పెరుగుతున్నాడు.

ఒకసారి ఎక్కాడంటే డ్యూటీ అయ్యేదాకా దిగడు. భోజనానికి కూడా దిగడు. పై నుంచి తాడు వదులుతాడు, నేను కింద క్యారేజీ కడతాను, బావిలో నీళ్లు చేదుకున్నట్టు చేదుకుంటాడు. షెడ్డులో ఆయన్ని అందరూ 'పైవాడు' అంటారు. "లోడు సంగతి పైవాడే చూసుకుంటాడు, నువ్వు పక్కకి జరుగు" అని మేస్త్రీ అంటే, కొత్తగా వచ్చిన లారీ డ్రైవరొకడు కప్పు వైపు చూసి నిజంగానే దండం పెట్టాడు.

నా పని కింద. లోడుకి గొలుసులు తగిలించి, ఎత్తు, దించు, ఆపు అని చేతులూపడం. నేనూపుతాను, ఆయన కదిలిస్తాడు. ఇంట్లో నా మాట ఒక్కటీ వినని మనిషి షెడ్డులో నా వేలు చూసి నడుస్తాడు. ఆ మాట నేను అప్పుడప్పుడూ గుర్తు చేస్తుంటాను. ఆయనేమో నన్ను కోతీ అని పిలుస్తుంటాడు. ఇద్దరం సరిసమానం.

ఆ రోజు గొడవ మొదలైంది కూడా అలాగే. అందరి ముందూ నన్ను చూపించి, వీణ్ణి బెల్టు పెట్టుకోమనకండి, ఫ్యాను వేస్తేనే ఎగిరిపోయేవాడు బెల్టుతో ఆగుతాడా అన్నాడు. షెడ్డు షెడ్డంతా నవ్వింది. నాకు ఎక్కడో కాలింది. స్టోరు గదిలో మేకులకి మా బెల్టులు వరసగా వేలాడుతుంటాయి. అన్నీ ఒకే రంగు, ఒకే బ్రాండు. తేడా సైజులో, వాటికున్న ఇత్తడి నంబరు బిళ్లలో. నేను నేల మీదే ఉంటాను కాబట్టి నా బెల్టు మేకు దిగిందే తక్కువ. నా బిళ్ల ఆయన బెల్టుకీ, ఆయన బిళ్ల నా బెల్టుకీ మార్చేశాను. పొద్దున్నే ఆయన అవస్థ పడతాడు, నేను నవ్వుతాను, మార్చేస్తాను. అంతే ప్లాను.

మర్నాడు పొద్దున్నే మామయ్య బెల్టు తొడిగాడు. నడుం పట్టీ చివరి చిల్లు దాకా లాగితే ఎలాగో అందింది, తొడల పట్టీలు కోసుకుపోయాయి. నేను నోరు తెరిచి నవ్వబోతున్నాను. సరిగ్గా అప్పుడే మేస్త్రీ వచ్చి గోడ మీద నోటీసు అంటించాడు. వచ్చే నెలలో సేఫ్టీ ఆఫీసరు వస్తున్నాడట. పైకెక్కే ప్రతివాడూ ఆయన ముందు తన బెల్టు సరిగ్గా బిగించుకుని, మధ్యలో ఆగకుండా నిచ్చెనెక్కి, కంతలోంచి దూరి చూపించాలట. చెయ్యలేనివాణ్ణి గేటు దగ్గర కూర్చోబెడతారట.

మామయ్య నోటీసు చదివాడు. బెల్టు వైపు చూసుకున్నాడు. మళ్లీ నోటీసు చదివాడు. నేను తెరిచిన నోరు మూసుకున్నాను. అప్పుడే చెప్పేసి ఉంటే ఈ కథే లేదు. మొహం అంతగా పాలిపోయిన మనిషికి తమాషా అని ఎలా చెప్తాం? రేపు చెబుదాంలే అనుకున్నాను.

ఆ రేపు రాలేదు గానీ క్యాబేజీ వచ్చింది.

సంగతి తెలిసిన అత్త వంటింటికి తాళం వేసినంత పని చేసింది. నూనె డబ్బా బీరువాలోకి, చక్కెర సీసా ఆవిడ కుట్టు మిషన్ పెట్టెలోకి వెళ్లిపోయాయి. పొద్దున ఉడికిన క్యాబేజీ, మధ్యాహ్నం పచ్చి క్యారెట్, రాత్రి క్యాబేజీ ఉడికించిన నీళ్లు. బెల్టు తొడల దగ్గర ఒరుసుకుంటోందంటే, దాన్ని ఇంటికి తెప్పించుకుని పాత నీలం తువ్వాలు చింపి పట్టీలకి మెత్తగా కుట్టిచ్చింది. బెల్టు మాత్రం తగ్గదు, మీరే తగ్గాలి అని కూడా చెప్పి పంపింది.

మామయ్యకి కాలు ఒకచోట నిలవడం మానేసింది. వాళ్లది చిన్న వాటా. హాల్లోంచి వంటింట్లోకి, అక్కణ్ణుంచి బాల్కనీలోకి, మళ్లీ హాల్లోకి. ఫ్రిజ్ తలుపు తీస్తాడు, లోపల లైటు చూస్తాడు, వేసేస్తాడు. ఫ్రిజ్ తీసిన చప్పుడు కాగానే పక్క గదిలోంచి అత్త దగ్గు వినపడుతుంది. టీవీ పెడితే వంటల ప్రోగ్రాము వస్తుంది. కిటికీ తెరిస్తే ఎదురింటివాళ్లు ఏదో వేయిస్తుంటారు. ఒకరోజు తాడాట మొదలెట్టాడు. కింది వాటావాళ్ల లైటు ఊడి పడింది. తర్వాత నడక. మా వీధిలో కుడివైపు వెళ్తే బేకరీ, ఎడమవైపు వెళ్తే ఇంకో బేకరీ. రెండింటి మధ్యే అటూ ఇటూ తిరుగుతుంటే, కుక్కలు కూడా మొదట్లో వెంటపడి, తర్వాత విసుగొచ్చి పడుకున్నాయి.

పైన గాజు గదిలో కూడా అదే వరస. ఇంతకుముందు రాయిలా కూర్చునేవాడు. ఇప్పుడు కింద నుంచి చూస్తే లేస్తున్నాడు, కూర్చుంటున్నాడు, అద్దం తుడుస్తున్నాడు. నేను దించమంటే ఒక క్షణం ఆలస్యంగా దించుతున్నాడు. క్యారేజీ పంపితే తాడు లాగే ముందు కాసేపు దాన్నే చూస్తూ ఉంటున్నాడు.

ఒక మధ్యాహ్నం పైపుల కట్ట ఎత్తాం. నేను ఆపమని పిడికిలి చూపించాను. కట్ట ఆగలేదు. ఊగుతూ వెళ్లి స్తంభానికి కొట్టుకుంది. షెడ్డంతా గంట మోగినట్టయింది. దగ్గర్లో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. ఇన్నేళ్ల సర్వీసులో మామయ్య లోడు దేనికీ తగల్లేదు. మేనేజరు ఆయన్ని కిందకి పిలిపించాడు. తిట్టలేదు. ఆరోగ్యం బాగోకపోతే పరీక్షదాకా ఎందుకు, ఇప్పుడే గేటుకి మారిపోండి, కుర్చీ ఖాళీగానే ఉంది అని మర్యాదగా చెప్పాడు. తిట్టినా బాగుండేది.

పరీక్ష అయ్యాకే చూద్దాం సార్ అని వచ్చేసి, మామయ్య పైపుల మీద కూలబడ్డాడు. జేబులోంచి క్యారెట్ తీసి కొరికాడు. ఆయన దగ్గర చెమట వాసన తప్ప ఇంకే వాసనా రాకపోవడం అదే మొదటిసారి. ఎప్పుడూ ఏదో ఒక వేపుడు వాసన వచ్చేది.

"ఆకలిరా," అన్నాడు. "కళ్ల ముందు పిడికిలి కనపడుతోంది, అది నీ పిడికిలని తట్టలేదు. బన్నులా కనపడింది."

నేను నవ్వలేదు.

"గేటు దగ్గర కూర్చోవడం నా వల్ల కాదు. పైనుంటే అందరి నెత్తులే కనపడతాయి. నెత్తులు మంచివిరా, ఏమీ అడగవు. అక్కడ కూర్చుంటే మొహాలు చూడాలి, ప్రతివాడికీ జవాబు చెప్పాలి." క్యారెట్ ఇంకో ముక్క కొరికి అన్నాడు, "ఆ బెల్టు రోజూ నన్ను చూసి నవ్వుతోంది."

బెల్టు నవ్వట్లేదు మామయ్యా, నవ్వాలనుకున్నది నేనే అని నాలిక చివరిదాకా వచ్చింది. నోరు తెరిచి, క్యారెట్ బాగుందా అని అడిగాను. ఆయన నన్ను చూసిన చూపుకి ఆ క్యారెట్ నా చేతిలో ఉన్నా వాడిపోయేది.

ఆ తర్వాత నాక్కూడా కుదురు పోయింది. మంచమ్మీద పడుకుంటే వీపు కింద ఇత్తడి బిళ్లలున్నట్టుండేది. చెబితే తంతాడు, అది పర్వాలేదు. కానీ చెబితే అత్త క్యాబేజీ ఆపేస్తుంది, మామయ్య మళ్లీ ఉబ్బుతాడు, కంతలో ఇరుక్కుంటాడు. చెప్పకపోతే ఆకలితో ఇంకో స్తంభాన్ని కొడతాడు. ఎటు తిరిగినా నేనే దోషి.

చివరికి పరీక్ష రోజు పొద్దున అందరికంటే ముందు స్టోరుకి పోయి, బిళ్లలు మళ్లీ మార్చేశాను. ఆయన బెల్టు ఆయనకి. హాయిగా పడుతుంది, హాయిగా ఎక్కుతాడు, ఇక నేను కూడా మంచివాణ్ణి. దారిలో క్షమాపణగా ఒక క్రీమ్ బన్ను కూడా కొని సంచిలో పెట్టుకున్నాను.

సేఫ్టీ ఆఫీసరు సన్నగా, ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. మామయ్య కంగారులో తన బిళ్ల ఒక్కటే చూసుకుని బెల్టు తీసి తొడిగాడు. నడుం పట్టీ లోపలి చిల్లు దాకా లాగాడు. ఇంకా లాగాడు. బెల్టు జారి తుంటి మీద కూర్చుంది. ఆఫీసరు పట్టీకీ పొట్టకీ మధ్య పిడికిలి పెట్టాడు. పిడికిలి దూరింది. మోచెయ్యి కూడా దూరేలా ఉంది.

"వదులు బెల్టు ఉన్నా లేనట్టే. దీంతో ఎక్కనివ్వను," అన్నాడాయన. "ఇది మీ నంబరేనా?"

"నాదే సార్. నిన్న సరిగ్గానే పట్టింది."

"ఒక్క రాత్రిలో తగ్గిపోయారా?"

"రాత్రి క్యాబేజీ తిన్నాను సార్," అన్నాడు మామయ్య. అబద్ధమాడే ఓపిక కూడా లేదు పాపం.

ఎవరూ నవ్వలేదు. ఆఫీసరు పెన్ను మూత తీశాడు. మేనేజరు గేటు వైపు చూశాడు. మామయ్య రెండు చేతులతో బెల్టు పట్టుకుని, స్కూల్లో నిక్కరు జారిన పిల్లాడిలా నిలబడ్డాడు. నాకు కాళ్లు ఆగలేదు. స్టోరులోకి పరిగెత్తి నా మేకు మీదున్న బెల్టు లాక్కొచ్చాను.

"సార్, ఇది... ఇది సరిపోతుంది. ఇది పెట్టుకోమనండి."

మామయ్య దాన్ని అందుకున్నాడు. తొడల పట్టీలకి నీలం తువ్వాలు ముక్కలు. అత్త చేతి కుట్టు. బిళ్లలు మార్చిన ఘనుణ్ణి, తువ్వాలు సంగతే మర్చిపోయాను. ఆయన తువ్వాలు చూశాడు. బిళ్ల మీద నా నంబరు చూశాడు. ఒంటి మీద జారుతున్న బెల్టు చూసుకున్నాడు. తర్వాత నన్ను చూశాడు. గేటు దగ్గరున్న కుర్చీ నాకు చాలా అందంగా కనపడింది.

వదులుది విప్పి ఇది తొడిగాడు. నడుం పట్టీ మధ్య చిల్లులోకి మెత్తగా దిగింది. ఆఫీసరు పిడికిలి ఈసారి బయటే ఆగిపోయింది. తలూపాడు.

మామయ్య నిచ్చెన పట్టుకున్నాడు. నేను కింద నిలబడలేక ఇటు రెండడుగులు, అటు రెండడుగులు. సగం దాటాడు, ఆగలేదు. పైకి వెళ్లేకొద్దీ ఆయన బూట్లు తప్ప ఏమీ కనపడటం లేదు. మూత దగ్గరికి చేరాడు. మామూలుగా అక్కడ ఒక మూలుగు, భుజాలు అటూ ఇటూ తిప్పడం, ఒక తిట్టు ఉంటాయి. ఈసారి మూత లేచింది, మనిషి లేడు. సబ్బు చేతిలోంచి జారినట్టు లోపలికి పోయాడు. పైన హారన్ పొడుగ్గా మోగింది. షెడ్డంతా చప్పట్లు.

ఆఫీసరు సంతకం పెట్టి వెళ్లాడు. మేనేజరు కూడా వెళ్లాడు. చప్పట్లు ఆగాయి. పై నుంచి తాడు నెమ్మదిగా దిగి నా ముక్కు ముందు ఆగింది. నేను అత్త పంపిన క్యాబేజీ క్యారేజీ కట్టాను. తాడు కదల్లేదు.

"మామయ్యా," అన్నాను తలెత్తి. "కోపమొచ్చిందా?"

గాజు గదిలో మైకు కరకరమంది. షెడ్డు నాలుగు మూలలా ఆయన గొంతు వినపడింది.

"కోప్పడాలన్నా కడుపులో ఏదో ఒకటి ఉండాలి కదరా కోతీ. ఆ క్యాబేజీ విప్పి నువ్వు తిను. సంచిలో దాచిన బన్ను పై నుంచి కనపడుతోంది, దాన్ని కట్టి పంపు. అది తిన్నాక దిగొచ్చి తంతాను."