నా పేరుతో దొంగ అకౌంటు, నేను పెట్టిన కేసు

మనిషి పరువు ఎలా పోతుందో చూడాలనుకునేవాళ్లు కాస్త దగ్గరికి జరగండి. నా పరువు చోడవరంలో, పోలీస్ స్టేషన్లో, పట్టపగలు టీ తాగుతుండగా పోయింది.

దేవరాపల్లిలో మా ఆవిడ పెదనాన్న కాలం చేశారు. ఆయన ఫొటోకి దండ వేసి ఎవరో నెట్లో పెట్టారు. దాని కింద నా పేరుతో, నా బొమ్మతో ఒక కామెంటు: "పుట్టినరోజు శుభాకాంక్షలు! ఇలాంటివి మరెన్నో జరుపుకోవాలి!"

అత్తవారి ఊరు ఊరంతా భగ్గుమంది. "మీ ఆయన్ని మా గుమ్మం తొక్కొద్దని సెప్పీ" అని మా ఆవిడకి ఫోను. ఆవిడ ఏడుపు చూడలేకపోయాను. నా ఫోను తెరిచి చూపించాను. నా అకౌంటులో ఆ కామెంటు లేనే లేదు! అంటే ఎవడో నా పేరుతో దొంగ అకౌంటు తెరిచాడన్నమాట.

ఎవడో ఏమిటి, మా బావమరిది సత్తిబాబే! నేను నోరు తెరుచుకుని నిద్రపోతుంటే ఫొటో తీసి చుట్టాలందరికీ పంపినవాడు వాడే. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి చెప్పండి? నలుగురిలో పెట్టి కడిగేశాను.

"అమ్మతోడు బావా, నాకేటీ తెలీదు."

"నీకు తెలీకుండా నెట్లో ఈగైనా వాలతాదేటిరా? స్టేషన్లో సెప్పుకో!"

ఎస్సై గారు అంతా విని, "తొందరపడి ఎవర్నీ అనకండి. ఆ అకౌంట్లు నడిపే కంపెనీకి రాస్తాం. ఏ నంబరుతో తెరిచారో, ఏ ఫోన్లోంచి వాడుతున్నారో వాళ్లే చెప్తారు" అన్నారు.

"ఎక్కడో ఉన్న కంపెనీ మన సోడవరం మాట వింటాదేటండి?"

"పద్ధతిగా అడిగితే ఇస్తారు బాబూ."

ఇచ్చారు. కబురు రాగానే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, సత్తిబాబుని వెంటపెట్టుకుని పెళ్లికొడుకులా వెళ్లాను. ఎస్సై గారు టీ ఇప్పించి, కంప్యూటర్లో జవాబు చూస్తూ ఒక నంబరు చదివారు.

"ఇదెవరిదండీ?"

టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను. "నాదేనండి. పాత ఫోనుది."

"అదెక్కడుంది?"

"సెరుకు తోటలో, మోటారు పాకలోనండి."

"ఎవరు వాడతారు?"

"మజ్జానం నడుం వాల్చినప్పుడు... నేనేనండి."

అదండీ సంగతి. కొత్త ఫోను కొన్నప్పుడు పాస్‌వర్డు గుర్తులేక, షాపువాడి చేత కొత్త అకౌంటు తెరిపించాను. పాతది పాత ఫోన్లో నిక్షేపంగా బతికే ఉంది. పాకలో కళ్లజోడు లేకుండా పడుకుని, దండ వేసిన ఫొటో కనిపిస్తే చాలు, శుభాకాంక్షలు అంటించేసేవాణ్ణి. మావైపు పుట్టినరోజు నాయకుడికీ దండే, పోయిన పెద్దాయనకీ దండే. పడుకున్నవాడికి తేడా ఎలా తెలుస్తుంది?

"మరి కేసు ఎవరి మీద కట్టమంటారు?" అన్నారు ఎస్సై గారు, నవ్వు ఆపుకుంటూ.

నాకు సత్తిబాబు మొహం చూసే ధైర్యం లేకపోయింది. ఆ జవాబే రాకపోతే వాడు జన్మంతా నా దృష్టిలో దొంగగానే మిగిలిపోయేవాడు. అడిగిన ఎస్సై గారికీ, జవాబిచ్చిన ముక్కూమొహం తెలియని ఆ కంపెనీవాళ్లకీ చేతులెత్తి మొక్కుతున్నాను. సత్తిబాబుకైతే ఇంకా ఎక్కువ. ఆ సాయంత్రమే నన్ను బండెక్కించుకుని దేవరాపల్లి తీసుకెళ్లి, నా తరఫున అందరికీ సర్దిచెప్పింది వాడే మరి.

స్టేషన్లో మాత్రం ఒక్క మాటన్నాడు. "కేసొద్దండి ఎస్సై గారూ. మా అక్క ముందు నిలబెట్టీండి, సాలు. సిక్ష అదే పడిపోద్ది."

పడింది. కాబట్టి ఇందుమూలముగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఎవరికి పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పాలన్నా స్వయంగా ఇంటికి వెళ్లి, మనిషి ఊపిరి పీలుస్తున్నాడని రూఢి చేసుకున్నాకే నోరు విప్పుతాను.