సెక్రటరీ బల్లలో గవ్వ

రండి, ఇలా దగ్గరగా కూర్చోండి. ఫ్యాను కింద ఆ కుర్చీ కాదు, ఈ బల్ల పక్కన చాప మీదికి రండి. దీని తలుపు కిందికి దించగానే టేకు చెక్క, ఎండిన వేపాకు, కొబ్బరినూనె, పాత కాగితం కలిసిన వాసన ఒకటి గుప్పున వస్తుంది చూడండి, ఆ వాసన దాచుకున్న ఈ బల్ల గురించే నేను చెప్పబోయేది. అయిదో తరగతితో బడి మానేసినదాన్ని, పుస్తకాల్లో ఉన్నవి నాకు తెలియవు గానీ, ఈ అశోక్‌నగర్ ఫ్లాటులో నా మంచం పక్కనున్న ఈ బల్ల చరిత్ర మాత్రం నా కన్నా బాగా చెప్పగలిగిన వాళ్ళు లేరు.

నా చిన్నప్పుడు మేము చిక్కడపల్లిలో లైబ్రరీ వెనుక గల్లీలో ఉండేవాళ్ళం. నాయన కోఠిలో హర్రాజుకు పోయి బట్టల బీరువా అనుకుని దీన్ని పాడుకుని, తోపుడు బండి మీద నారాయణగూడ మీదుగా ఇంటికి తెచ్చాడు. అమ్మ పసుపుకుంకుమ పెట్టి తలుపు లాగితే అది పక్కకు తెరుచుకోకుండా ముందుకు వాలి బల్లయి కూర్చుంది, లోపలేమో చీర ఒక్కటి కూడా పట్టని తొమ్మిది చిన్న గూళ్ళు. "ఇదేంది, పావురాలను సాకుదామని తెచ్చినవా?" అని అమ్మ నవ్విన నవ్వు గల్లీ చివరిదాకా వినిపించింది. కాగితాలు దాచుకుని రాసుకునే ఇలాంటి బల్లను సెక్రటరీ అంటారని హర్రాజు మనిషి అన్నట్టు నాయన చెప్పాడు. అంతే, ఆ రోజు నుంచి వాడకట్టంతా అమ్మను సెక్రటరమ్మ అని పిలవడం మొదలుపెట్టింది.

మా వాకిట్లో ఏడు గడపలు. ఆషాఢంలో ముసురు పట్టిందంటే బోనాల డప్పులు ఒక పక్క, పెంకుల మధ్య నుంచి కారే నీళ్ళకు పెట్టిన గిన్నెల టపటపలు ఒక పక్క, పొయ్యి మీద సర్వపిండి కాలుతున్న నువ్వుల వాసన ఇంకో పక్క. స్లాబు ఉన్నది మా ముందు గది ఒక్కదానికే. అందుకని కిరాయికి ఉన్న వాళ్ళంతా రేషన్ కార్డులు, సర్టిఫికెట్లు, పుట్టిన తేదీ కాగితాలు తెచ్చి అమ్మ చేతిలో పెట్టేవాళ్ళు. అమ్మకు అక్షరం ముక్క రాదు. అయినా ఒక్కొక్క ఇంటి కాగితాలను చుట్టగా చుట్టి, దారం కట్టి, ఆ దారం కొసకు ఒక గుర్తు కట్టేది: దర్జీ వాళ్ళకు గుండీ, ఆటో నడిపే ఆయనకు ఇనుప వాషరు, పూలమ్మే ఆమెకు పూస. సముద్రం వైపు నుంచి వచ్చిన సుబ్బారావు గారింటికి గవ్వ. ఆ గవ్వ నాది. మా అష్టాచెమ్మా నాలుగు గవ్వల్లో మూతి విరిగిన దాన్ని నన్ను అడగకుండానే అమ్మ తీసేసుకుంది, నేను రెండు రోజులు అన్నం ముట్టలేదు, చింతగింజలతో ఆడి ఆడి విసుగొచ్చి ఆటే మానేశాను.

సుబ్బారావు గారు ఆఫీసులో గుమాస్తా, చేతిరాత ముత్యాల కోవ. ఆయనొకనాడు వచ్చి గూళ్ళలోకి తొంగిచూసి, "ఏంటమ్మా ఇది, కాగితాలకు గవ్వలూ గుండీలూ కట్టారు? బొమ్మల పెళ్ళా ఏవిటండీ?" అన్నారు.

"సదువు రాదు గద సారూ, నా చేతికి దెలుస్తది," అంది అమ్మ.

ఆయన ఊరుకోలేదు. మైదా జిగురు ఉడికించి, ప్రతి గూటి అంచుకీ పేరు రాసిన చీటీ అంటించి వెళ్ళారు. అమ్మ కాదనలేదు, గుర్తులూ విప్పలేదు.

ఆ ఏడు వాన ఎనిమిది రోజులు తెరిపివ్వలేదు. తొమ్మిదో రోజు పొద్దున సుబ్బారావు గారి అమ్మాయి సుజాతక్క ఉత్తరం పట్టుకుని వచ్చింది. నారాయణగూడలో ఒక బడిలో టీచరు ఉద్యోగానికి పదకొండు గంటలకు రమ్మన్నారు, అసలు సర్టిఫికెట్లు చేతిలో లేకపోతే లోపలికే రానివ్వరట. అమ్మ నడుముకున్న తాళం చెవి తీసి తిప్పింది. తాళం టిక్కుమంది గానీ తలుపు కదల్లేదు. చెమ్మకు చెక్క ఉబ్బిపోయింది. నాయన లాగాడు, సుబ్బారావు గారు లాగారు, ఇత్తడి పిడి ఊడి చేతికొచ్చింది. సుజాతక్క ఇస్త్రీ చీర కొంగు నోట్లో పెట్టుకుని గోడకు ఆనుకుంది. అప్పటికే తొమ్మిదిన్నర.

సుబ్బారావు గారు ఉలి, సుత్తి తెచ్చారు. "క్షమించండమ్మా, పగలగొట్టక తప్పదు."

అమ్మ తలుపుకు వీపు ఆనించి నిలబడింది. "జర ఆగుండ్రి సారూ. కాగితాలు దీనికే ఆనుకొని ఉన్నయ్. ఉలి దిగితే ముందు మీ బిడ్డ సర్టిఫికెటే చినుగుతది." నాయన వైపు తిరిగి, "దీన్ని ఎనుకకు తిప్పు," అంది.

ప్రతి శుక్రవారం నూనె గుడ్డతో తుడిచే మనిషి కదా, వెనుక పలకల్లో ఒక పలక రెండే మరమేకుల మీద వదులుగా ఉందని అమ్మకు తెలుసు. నాయన కూరగాయల కత్తి మొనతో మరలు తిప్పాడు. పలక వచ్చింది గానీ సందు నాలుగు వేళ్ళంత, పెద్దవాళ్ళ చెయ్యి పట్టదు. అమ్మ నన్ను పిలిచింది.

"ఎడమ నుంచి నాలుగో గూడు పాపా, నేనే రాశాను," అన్నారు సుబ్బారావు గారు. మళ్ళీ ఆయనే, "కాదు కాదు, ఇటు నుంచి అయితే కుడి... ఉండండి, మొత్తం తొమ్మిది కదా..." అని గాలిలో వేళ్ళు ముడవసాగారు. ఆయన ముత్యాల చీటీలన్నీ అవతలి వైపు, చీకట్లో ఉన్నాయి.

"లెక్కలు వద్దు గానీ, నీ గవ్వను దేవులాడు బిడ్డా," అంది అమ్మ.

చెయ్యి పెట్టాను. చల్లగా వాషరు తగిలింది. నాలుగు చిల్లుల గుండీ తగిలింది. నున్నగా పూస జారింది. ఆ తరువాత, రెండు రోజులు అన్నం మాని నేను ఏడ్చిన గవ్వ, దాని విరిగిన మూతి, నా బొటనవేలికి గుచ్చుకుంది. అసలు దాన్ని కళ్ళు మూసుకుని వెయ్యి గవ్వల్లోంచి ఏరగలను నేను. మెల్లగా లాగితే చుట్ట మడతైనా పడకుండా బయటికొచ్చింది.

పదింబావుకు సుజాతక్క ఆటో ఎక్కింది. ఉద్యోగం వచ్చింది. సాయంత్రం సుబ్బారావు గారు పూతరేకుల పొట్లం తెచ్చి అమ్మ చేతిలో పెట్టారు. ఎండలు కాసి తలుపు వదులైన రోజున తడిగుడ్డ పట్టుకొచ్చి తన చీటీలన్నీ తానే తుడిచేశారు. ఒక్కటి మిగిల్చారు, మా ఇంటి గూటి మీద అమ్మ పేరు రాసినది. "ఇది ఉండనివ్వండమ్మా, ఈ ఆఫీసుకు సెక్రటరీ మీరు," అన్నారు. అమ్మ జీవితంలో చూసి గుర్తుపట్టిన రాత, చీటీ మీది ఆ పేరు ఒక్కటే. బల్ల తుడిచిన ప్రతిసారీ దాని మీద వేలు పెట్టి, గర్వం దాచుకోవడానికి ముక్కు ఎగబీల్చేది.

ఆ వాకిలి ఇప్పుడు లేదు, అయిదంతస్తులు లేచాయి. పెంకులూ లేవు, కారే నీళ్ళ కింద గిన్నెలూ లేవు. కాగితాలన్నీ ఫోన్లలోకి పోయాయి. ఈ గూళ్ళలో ఇప్పుడు నా బీపీ మాత్రలు, ఛార్జర్లు. సుబ్బారావు గారు ఇల్లు మారేటప్పుడు గవ్వ విప్పి నాకిచ్చారు గానీ, అప్పటికి అష్టాచెమ్మా ఆడే వయసు దాటిపోయింది. నాలుగో గూట్లో పడుకుని ఉంది, చూడండి.

మొన్న పాత సామాను కొనే అబ్బాయి వచ్చి, టార్చి వేసి చూసి, "ఆంటీ, ఎనక వదులు పలక మార్చి, ఈ చీటీ ముక్క గీకేస్తే మస్తు డిమాండ్ ఉంటది," అన్నాడు.

"గా రెండు నాకు ఉంచి, మిగిలింది నువ్వు కొంటవా?" అన్నాను. నవ్వి చాయ్ తాగి పోయాడు.

చీటీ మీద సిరా వెలిసిపోయి పేరు కనబడదు. నా వేలు మాత్రం సరిగ్గా అక్కడికే పోతుంది. మీ ఇల్లు చల్లగా ఉండాలి నాయనా, వానకు తడవకుండా, పురుగు తినకుండా, అవసరమైన ఘడియకు వెతికిన వస్తువు మీ చేతికి తగలాలి. అది ఎక్కడుందో చెప్పే మనిషి మీ ఇంట్లో నూరేళ్ళుండాలి.