దొంగ పట్టా

నా చిన్నప్పుడు, పంతొమ్మిది వందల డెబ్బై ఒకటి ఆగస్టు ఇరవై రెండవ తేదీ, ఆదివారం ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు, మా పక్క క్వార్టర్‌లో ఉండే మిస్త్రీ తాతయ్య దొంగ అని నేను నిర్ణయించుకున్నాను. తేదీని, సమయాన్ని ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నానంటే అది నా జ్ఞాపకశక్తి గొప్పతనం కాదు. ఆ ఉదయమే వాటిని నా లెక్కల పుస్తకం చివరి పేజీలో రాసిపెట్టుకున్నాను. ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గర ఉంది.

అప్పుడు నాకు పదేళ్ళు. ఖరగ్‌పూర్‌లో పూరీ గేట్ దగ్గర రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం. మా నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. మిస్త్రీ తాతయ్య అదే వర్క్‌షాపులో వడ్రంగి. ఇనుముతో పోతపోయవలసిన భాగాలకు ముందుగా చెక్కతో నమూనాలు చేయడం ఆయన పని. ఆయన మాకు చుట్టం కాదు. మాలాగే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవారు, వయసులో పెద్దవారు, అందుచేత తాతయ్య. అక్షరం ముక్క రాదు కాని, చెక్క మీద వేలు పోనిచ్చి ఎక్కడ వెంట్రుకవాసి ఎత్తుగా ఉందో చెప్పగలిగేవారు. మరుసటి జనవరిలో ఆయన రిటైరు కావలసి ఉంది.

మా పెరటికీ ఆయన పెరటికీ మధ్య గోడలో ఒక ఇటుక ఊడిపోయి ఉండేది. ఆ ఉదయం నేను ఆ సందులోంచి చూస్తున్నాను. తాతయ్య సైకిలు మీద ఏదో పొడవైన వస్తువును గోనె చుట్టి తెచ్చారు. దానిని దింపుతూ ఇంటావిడ మామ్మతో అన్న మాటలు నాకు స్పష్టంగా వినిపించాయి.

"దొంగ పట్టా దొరికింది. లోపలెట్టు. పూజ దాకా ఎవులి కంటా పడకూడదు."

రైల్వే వారి ఇంట్లో పుట్టిన పిల్లకు పట్టా అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. రైలు నడిచేది దాని మీదే. ఇక దొంగ అన్న మాట మా ఇంట్లో మామూలు మాట కాదు. వర్క్‌షాపు గేటు దగ్గర ప్రతివారూ సంచీ విప్పి చూపించి బయటికి రావాలి. మా నాన్న ఇంటికి రాగానే ఖాళీ కేరేజీని గట్టు మీద పెట్టి, "ఈ మూత తియ్యమని అడగని రోజు లేదు. తియ్యడానికి నానెప్పుడూ బయపడనేదు. అదే నా ఆస్తి," అనేవారు. అటువంటి ఇంట్లో పెరిగినదానికి పక్కింట్లో దొంగ పట్టా ఉండడం అంటే పాము ఉండడం లాంటిదే. నేను పేజీలో రెండు గీతలు గీసి మూడు గడులు చేశాను. మొదటి గడిలో తేదీ, రెండవ గడిలో సమయం, మూడవ గడిలో చూసినది. అంత పద్ధతిగా నేను అంతకు ముందు ఏ లెక్కా చేయలేదు.

ఆ తరువాత రెండు వారాలు నా అనుమానానికి మేత కొరవడలేదు. పెరట్లో గోనె తెర కట్టారు. తెర వెనక నుంచి సాయంత్రం పూట పొగ వచ్చేది, తడి గోనె కాలిన వాసన వచ్చేది. పట్టాను కరిగిస్తున్నారని రాసుకున్నాను. ఒకరోజు ఆయన జేబులోంచి చెక్క దారపు రీళ్ళు రాలిపడ్డాయి. దర్జీ దగ్గర దారం అయిపోయాక మిగిలే రీళ్ళు. వడ్రంగికి దారంతో ఏమి పని? అదీ రాసుకున్నాను. మరొకనాడు తెర వెనక ఏదో గడగడమని దొర్లి టక్కుమని ఆగింది. మళ్ళీ దొర్లింది, మళ్ళీ ఆగింది. తాతయ్య "ఎదవది, ఇక్కడే దిగబడతన్నాది," అని విసుక్కున్నారు. కొంతసేపటికి మామ్మ కొవ్వొత్తి ముక్క పట్టుకెళ్ళింది. పట్టపగలు కొవ్వొత్తి ఎందుకో నాకు అంతుపట్టలేదు. అంతుపట్టనిదంతా నేరమే అని అప్పట్లో నా లెక్క.

ఆయన ఎదురుపడి "ఏటే గుంటా, బడికెల్లినావా?" అని నవ్వితే, ఆ నవ్వును కూడా మూడవ గడిలో రాశాను. నన్ను మంచి చేసుకోవడానికి నవ్వుతున్నారని.

ఒక ఉదయం కుళాయి దగ్గర బిందెల వరసలో నిలబడి ఉండగా మా ఎదుటి క్వార్టర్ అప్ప నన్ను మాటల్లో పెట్టింది. అప్ప అంటే మా వైపు అక్క. ఆమెకు ఏదైనా తెలిస్తే సాయంత్రానికి వీధి మొత్తానికి తెలిసేది. అది తెలిసే చెప్పానేమో అని ఇప్పుడు అనిపిస్తుంది.

"మిస్త్రీ తాత ఇంట్ల దొంగ పట్టా ఉన్నాది," అన్నాను.

"నిజివేనేటే?"

"నా సెవులతో ఇన్నాను."

"ఓలమ్మ. రిటైరయ్యే ముందు ఇదేటి బుద్ది," అని ఆమె నిండని బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది.

మూడవ రోజు సాయంత్రం వర్క్‌షాపు గేటు దగ్గర సంచీలు చూసే ఇద్దరు మనుషులు తాతయ్య ఇంటికి వచ్చారు. ఒకరు తెలుగువారు, ఒకరు బెంగాలీ. వీధిలోని ఆడవాళ్ళందరూ ఏదో ఒక పని మీద బయటికి వచ్చారు. నేను ఇటుక సందు దగ్గరకు పరుగెత్తాను. పట్టా దొరికితే తాతయ్య ఉద్యోగం పోతుందని, దొంగ అన్న పేరుతో ఈ క్వార్టర్ వదిలి వెళ్ళవలసి వస్తుందని మా నాన్న ఆ ముందురోజే అమ్మతో అంటుండగా విన్నాను. అయినా నాకు భయం వేయలేదు. నా పేజీ నిజమవుతున్నదన్న ఉత్సాహమే ఉంది.

"మిస్త్రీ, మీ ఇంట్లో దొంగ పట్టా ఉందట. బయటికి తియ్యండి," అన్నారు తెలుగాయన.

తాతయ్య గోనె తెర లాగేశారు.

వెనక ఒక బల్ల మీద మనిషి నిలువంత పొడవున రెండు వాలు దారులు పక్కపక్కనే ఉన్నాయి. రెండూ ఒకే ఎత్తులో మొదలై ఒకే చోట ముగుస్తున్నాయి. ఒకటి తిన్నగా, పలకలా వాలి ఉంది. రెండవది మొదట్లోనే నిట్టనిలువుగా కిందికి దిగి, పొట్టలా వంగి, తరువాత మెల్లగా సాగి చివరికి చేరుతోంది. ఒక్కో దారికి రెండు బద్దలు, వాటి మీద దారపు రీళ్ళే చక్రాలుగా ఒక్కో చిన్న చెక్క బండి.

బెంగాలీ ఆయన వంగి బద్దను గోటితో కొట్టి చూశారు. "ఎటా తో బాఁశ్, దాదా," అన్నారు. ఇది వెదురు కదా అని.

"ఎదురే బావూ. బజార్ల కొన్నాను. తడిపి, కాసి, వంచినాను. చెక్క టీకొట్టాయన పారేసిన పెట్టెది. రైల్వేది ఒక్క మేకు నేదు, సూసుకోండి."

"మరి దొంగ పట్టా అన్నారట?"

"దొంగ నిద్దర అంటే ఎవులి నిద్దరో ఎత్తుకొచ్చినట్టా బావూ?" అన్నారు తాతయ్య. వీధిలో ఎవరో కిసుక్కున నవ్వారు. "పిల్లలు దొంగ నిద్దర పోతారు. సూస్తే నిద్దర, నిజానికి కాదు. ఈ వంకర పట్టా కూడా అంతే. సూస్తే పొడుగు. బండి మాత్తరం ఈ దార్నే ముందొస్తాది."

ఆయన రెండు బండ్లనూ పైన అడ్డుపుల్లకు ఆనించి, పుల్ల ఎత్తారు. వంకర దారిలోని బండి ముందుగా వచ్చి టక్కుమని ఆగింది. ఆ తరువాత తిన్నటి దారిలోది వచ్చింది. వచ్చినవారు మూడుసార్లు చేయించి చూసి, తల ఊపుకుంటూ వెళ్ళిపోయారు.

అక్కడితో అయిపోయిందని అందరూ అనుకున్నారు. అవలేదు. సెప్టెంబరు పదిహేడున విశ్వకర్మ పూజ. ఏడాదిలో ఆ ఒక్కరోజే మా ఆడవాళ్ళూ పిల్లలూ వర్క్‌షాపు లోపలికి వెళ్ళి, తమవాళ్ళు పనిచేసే యంత్రాలను పూలదండలతో చూసేవారు. తాతయ్య ఏటా ఆ రోజు కోసం ఒక ఆటబొమ్మ చేసి దేవుడి ముందు పెట్టేవారు. ఈ బండ్ల ఆట ఆయన ఉద్యోగంలో ఆఖరి పూజకు. తెర కట్టి దాచింది అందుకే. కాని ఆయన విభాగంలో పూజ జరిపించే పెద్దలు వచ్చి, ఒకసారి మాట పడ్డ వస్తువు గేటు దాటి లోపలికి రావడం బాగుండదని, ఈ ఏటికి వద్దని మెత్తగా చెప్పి వెళ్ళారు. తాతయ్య "ఠీక్ హై" అన్నారు. అంతే. నేను సందులోంచి చూస్తున్నాను. ఆయన చాలాసేపు ఒక బండిని అరచేతిలో పెట్టుకుని దాని చక్రాన్ని వేలితో తిప్పుతూ కూర్చున్నారు.

నా అనుమానం అప్పటికీ చావలేదని ఒప్పుకోవాలి. పట్టా దొంగిలించలేదు, సరే. మరి పొడుగు దారి బండి ముందెలా వస్తుంది? ఏదో మోసం ఉంది. అయస్కాంతమో, కనిపించని దారమో. పైగా ఆయన నన్ను ఒక్క మాట అనకపోవడం నాకు మరింత అనుమానంగా ఉండేది. నేనే చెప్పానని తెలిసి, సమయం కోసం కాచుకున్నారేమో అని ఆ ఇంటి ముందు నుంచి నడవడం మానేశాను.

పూజ రోజు ఉదయం వీధి అంతా కొత్త బట్టలతో వర్క్‌షాపుకు బయలుదేరింది. తాతయ్య వెళ్ళలేదు. తన గుమ్మం ముందు బల్ల వేసి, ఆటను దాని మీద పెట్టి, రెండు బండ్లకూ బొట్టు పెట్టి కూర్చున్నారు. మా నాన్న వెనకాల పోతున్న నన్ను పిలిచారు.

"ఏటే గుంటా, ఇలాగ్రా. నీ పుస్తకం కూడా తే."

పుస్తకం సంగతి ఆయనకు తెలుసునన్నమాట. ఇది వల అని అనుకుంటూనే తెచ్చాను.

"నాకొక అనుమానవుంది," అన్నారు ఆయన, నెమ్మదిగా. "ఈ గోడకి సందొకటే. అందులోంచి సూసేది నువ్వొక్కర్తివే. కానీ నిన్నడక్కండా ఎవులితోనూ అన్నేదు. ఇప్పుడడుగుతన్నాను. పట్టా మాట సెప్పింది నువ్వేనా?"

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను. ఆయన ముఖంలో కోపం కనిపించి ఉంటే చెప్పేసేదాన్నేమో. కనిపించలేదు. "నానే," అన్నాను.

"ఊఁ. మరి ఆటలో మోసముందని కూడా రాసినావా?"

"రాసినాను."

"అలాగైతే పట్టుకో."

ఆయన లేచి పక్కకు జరిగారు. నేను బల్ల కింద చూశాను. బద్దల వెంబడి చేయి పోనిచ్చి దారం కోసం వెదికాను. బండ్లను తిరగేశాను. ఆ బండిని ఈ దారిలో, ఈ బండిని ఆ దారిలో పెట్టాను. రీళ్ళకు కొవ్వొత్తి మైనం అంటుకుని ఉంటే రెండింటికీ నా గౌను అంచుతో తుడిచేశాను. ఎన్నిసార్లు పుల్ల ఎత్తినా వంకర దారిదే ముందు వచ్చింది. ఆయన ఒక్కసారి కూడా చేయి పెట్టలేదు.

చివరికి నేను అడిగాను. దాదాపు నాలుగు వారాలలో ఆయనను అడిగిన మొదటి ప్రశ్న అది. "ఎందుకలాగ?"

"యార్డుల హంపు సూసినావు కదా. దిబ్బ మీంచి వేగన్ని ఒగ్గేస్తే ఇంజను నేకండా దానంతటదే ఎల్లిపోద్ది. ఎందుకూ? పడతన్నాది కాబట్టి. వంకర దార్ల బండి ముందే బాగా పడిపోద్ది. ముందే జోరొచ్చేత్తాది. తక్కిన దారంతా ఆ జోరే. తిన్నటి దార్ల బండికి జోరొచ్చేసరికి దారయిపోద్ది." ఆయన ఆగి, పొట్టలా వంగిన చోట వేలు పెట్టారు. "మరీ లోతు సేత్తే ఎగిరి పడిపోద్ది. నాలుగు బద్దలు పాడుసేసినాక ఈ వంపు దొరికింది."

అప్పుడు నా పుస్తకం అడిగి తీసుకున్నారు. చదవడం రాని ఆయన ఆ పేజీని చాలాసేపు చూశారు. నేను గీసిన గీతలు వంకరగా ఉన్నాయనుకుంటాను, బొటనవేలితో వాటి వెంట నిమిరారు. చెవి మీది పెన్సిలు తీసి, బద్ద ముక్కను ఆనించి, మూడవ గడి పక్కన ఇంకొక గీత గీశారు. తిన్నటి గీత.

"ఇది నాలుగో గడి. ఆ మనిసిని అడిగినావో నేదో ఇందుల రాయి. ఇది ఖాళీగుంటే తక్కినవి ఎవులికీ సదవకు."

ఆ రోజు మా వీధిలో చంటిపిల్లలతో ఇంట్లో ఉండిపోయిన తల్లులు, అటుగా పోతున్న రిక్షావాళ్ళు తప్ప ఆ ఆటను చూసినవారు లేరు. నేను వర్క్‌షాపుకు వెళ్ళలేదు. సాయంత్రం దాకా పుల్ల ఎత్తుతూ అక్కడే ఉన్నాను. జనవరిలో తాతయ్య రిటైరై, మామ్మతో శ్రీకాకుళం బండి ఎక్కారు. ఆట ఆ గేటు లోపలికి ఎన్నడూ వెళ్ళలేదు.

తరువాత నేను మా ఇంట్లో అందరికంటే ముందుగా డిగ్రీ చదివి, ఖరగ్‌పూర్‌లోనే బడిలో సైన్సు చెప్పాను. వంపు దారిలో వేగం గురించి ఏటా ఒక పాఠం వచ్చేది. దానిని బాగానే చెప్పాననుకుంటాను. అయితే ఆయన నుంచి నేను తెచ్చుకున్నది అది కాదు. పరీక్షల్లో ఒక పిల్ల చూసి రాసిందని తోటి టీచర్లు ఫిర్యాదు కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టినప్పుడల్లా, సంతకం చేసే ముందు ఆ పిల్లను పిలిపించేదాన్ని. కొందరు అబద్ధం చెప్పారు. కొందరు నిజంగానే చూసి రాశారు. అయినా పిలిపించాను.

ఆ లెక్కల పుస్తకం చివరి పేజీలో ఆగస్టు ఇరవై రెండు మొదలుకొని పదకొండు వరసలు ఉన్నాయి. నాలుగవ గడి పదకొండు చోట్లా ఖాళీగానే ఉంది. నింపడానికి వీలులేదు కనుక దానిని అలాగే ఉంచాను. ఆ తరువాత నేను ఏ మనిషి గురించి ఏమి రాసుకున్నా, ముందుగా ఆ నాలుగో గీత గీసుకుంటున్నాను.