మంగళవారం బంద్

నా చిన్నప్పుడు రాయపూర్ బజారులో సగం దుకాణాల సెలవులు మా నాన్న చేతిమీదుగా వచ్చినవే. ఆయన బోర్డులు రాసేవాడు. ప్రతి దుకాణమూ వారానికొక రోజు మూయాలని, ఆ రోజేదో రాయించి గుమ్మానికి వేలాడదీయాలని సర్కారు నియమం. బట్టల కొట్లకు ఒక రోజు, ఇనుప కొట్లకు ఒక రోజు, ఇంకెవరికో ఇంకేదో. తెల్లరంగు వేసిన రేకు మీద ఎర్రటి హిందీ అక్షరాలతో 'సోమ్‌వార్ బంద్', 'శుక్ర్‌వార్ బంద్' అని ఆ చిన్న బోర్డులు చాలామటుకు మా నాన్నే రాశాడు. ఊరందరికీ సెలవులు పంచిన మనిషికి తనకంటూ ఒక్క సెలవు లేదు. ఏ ఇన్‌స్పెక్టరు కంటికీ మా నాన్న కొట్టు ఒక కొట్టులా ఆనలేదు మరి. ఒక తలుపు, లోపల రంగు డబ్బాలు, బయట గోడకు చేరేసిన నిచ్చెన, అంతే అది.

మా వాళ్లు శ్రీకాకుళం వైపు నుంచి రైలు పనికి వచ్చినవాళ్లు. మా తాతయ్య, అంటే మా అమ్మవాళ్ల నాన్న, ఇంజన్ షెడ్డులో చేసి రిటైరయ్యాడు. మా నాన్నకు రైల్వేలో ఉద్యోగం రాలేదు. రాలేదన్న మాట ఇంట్లో ఎవరూ పైకి అనేవారు కాదు గానీ, ఆయన దాన్ని ఒక్కరోజూ మరిచిపోలేదని నాకిప్పుడు తెలుస్తోంది. అందుకే వచ్చిన ఏ గిరాకీనీ వదులుకునేవాడు కాదు. అప్పట్లో పక్కనే భిలాయిలో ఉక్కు కర్మాగారం కడుతున్నారు. రాయపూర్‌లో వారానికో కొత్త దుకాణం తెరిచేవారు. ఊరి చివర టాటీబంధ్ దగ్గర ఆగే లారీలకు నంబర్లూ పేర్లూ రాయాలి. పొద్దున నేను లేచేసరికి నాన్న వెళ్లిపోయేవాడు. ఆయన వెళ్లాడన్న గుర్తుగా ఇంట్లో టర్పెంటైన్ వాసన మాత్రం ఉండేది. ఆ వాసనంటే మా అమ్మకు మంట. ఆయన చొక్కాలు మా బట్టలతో కలిపి ఉతికేది కాదు.

నాకు పదేళ్లప్పుడు ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. మొదట చూసింది నేనే. బడి నుంచి వస్తూ కొట్టు దగ్గర ఆగితే, ఒక మిఠాయి కొట్టు బోర్డు రాస్తున్నాడు. హిందీ అక్షరాలకు నెత్తిన ఒక గీత ఉంటుంది కదా, మా నాన్న దాన్ని ఆ చివర నుంచి ఈ చివరకు ఒక్క ఊపులో లాగేసేవాడు. చూడటానికి జనం ఆగేవాళ్లు. ఆ రోజు గీత మధ్యలో ఒణికింది. గుడ్డతో తుడిచి మళ్లీ లాగాడు. మళ్లీ అక్కడే ఒణికింది. నన్ను చూసి, రంగు పలచనైందమ్మా అన్నాడు. నేను నమ్మాను. కానీ మరునాటి నుంచి మణికట్టుకు చేతిరుమాలు బిగించి కట్టుకుని రాయడం మొదలుపెట్టాడు.

తాతయ్య బలవంతం మీద నాన్న డాక్టరు దగ్గరకు వెళ్లాడు. నరాలు అలిసిపోయాయని, వారానికి ఒక్కరోజైనా ఆ చేతికి పూర్తి విశ్రాంతి ఇవ్వకపోతే కొన్నేళ్లలో అది దేనికీ పనికిరాదని ఆ డాక్టరు తేల్చి చెప్పాడట. ఆ సాయంత్రం మా వసారాలో మామా అల్లుళ్ల మధ్య జరిగిన మాటలు నాకు బాగా గుర్తు. తాతయ్యకు తెలిసిన లోకమంతా ఇంజన్ షెడ్డే. ఏం చెప్పాలన్నా అక్కడి నుంచే ఎత్తుకునేవాడు. "ఎంత పెద్ద ఇంజనుకైనా సల్లార్చి, బాయిలరు కడిగీ రోజొకటి రాసుంటాది బాబూ. ఆ రోజు మెయిలు బండికి ఇంజను దొరక్కపోయినా సరే, దాన్ని ముట్టుకోనివ్వరు," అన్నాడు.

మా నాన్న నవ్వాడు. "నౌకరీ ఉన్నోడికి ఆదోరం ఉంటాది మావా. నాకు గిరాకీ ఉంటాది," అన్నాడు. ఒక్కరోజు తలుపు వేస్తే వచ్చినవాడు ఎదురు వరసలో ఉన్న ఇంకో పెయింటరు దగ్గరకు పోతాడని, ఒకసారి పోయినవాడు మళ్లీ రాడని ఆయన భయం. అది ఒట్టి భయమని కొట్టిపారేయలేను. అలా పోయినవాళ్లను నేనూ చూశాను.

తాతయ్య ఇక వాదించలేదు. నాలుగు రోజుల తర్వాత ఎవరో రైల్వే కుర్రాడి చేత చీటీ పంపించి ఒక బోర్డు పురమాయించాడు. 'మంగళ్‌వార్ బంద్' అని రాయాలి, దుకాణం పేరు అక్కర్లేదు, సోమవారం సాయంత్రానికి కావాలి. ఆ గిరాకీ ఎవరిదో మా నాన్నకు తెలియదు. నాకు తెలుసు. తాతయ్య నా ఒక్కదానికే చెప్పి, నోరు విప్పితే చెవి మెలేస్తానన్నాడు. సోమవారం వచ్చేదాకా ఆ రహస్యంతో నా కడుపు ఉబ్బిపోయింది. నాన్నకు సెలవొస్తే ఏమేం చెయ్యాలో అన్నీ అనుకున్నాను. అన్నిటికన్నా ముందు, ఆయన చెయ్యి పట్టుకుని సినిమాకు వెళ్లాలి. మా క్లాసులో నాన్నతో సినిమాకు వెళ్లని పిల్లను నేనొక్కదాన్నే.

సోమవారం సాయంత్రం తాతయ్య సుత్తీ మేకులూ పట్టుకుని వచ్చాడు. బోర్డు ఆరి సిద్ధంగా ఉంది. చాలా బాగా వచ్చింది, రుమాలు కట్టుకుని రాసినా ఒక్క ఒణుకు లేదు. తాతయ్య దాన్ని చేతిలోకి తీసుకుని, తేరిపార చూసి, మా నాన్న కొట్టు తలుపుకే మేకు కొట్టి తగిలించేశాడు. పక్క టీ కొట్టు జనమంతా ఘొల్లున నవ్వారు. "అరే పేంటర్ బాబూ, ఆఖిర్ తుమ్‌కో భీ ఛుట్టీ మిల్ గయీ!" అని, చివరికి నీకూ సెలవు దొరికిందంటూ చాయ్‌వాలా చప్పట్లు కొట్టాడు. మా నాన్న ముఖం ఎర్రబడింది, తర్వాత నవ్వొచ్చింది. అంతమంది ముందు తను రాసిన బోర్డును తనే ఎలా పీకేస్తాడు? నేనైతే అక్కడే గెంతులు వేశాను.

ఆ మంగళవారం మా నాన్న తీరిగ్గా గడ్డం గీసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మా అమ్మ పొద్దున్నే గారెలు వండింది, ఏదో పండగొచ్చినట్టు. బడి మానిపించి, మ్యాట్నీకి నన్ను తీసుకుని బయల్దేరాడు. కుడిచెయ్యే అందించాడు. ఆ రోజు దానికి పనేం లేదుగా.

బజారులోకి అడుగుపెట్టడమే తప్పయింది. రెండు పక్కలా ఎక్కువగా ఆయన రాసిన బోర్డులే. మొదటి బోర్డు దగ్గర ఆగి, ఎండకు రంగు పెచ్చులూడిందని బాధపడ్డాడు. రెండోదాని దగ్గర, ఇది నా తొలి రోజుల పని, అక్షరాల మధ్య ఎడం చూడు ఎంత అధ్వానంగా ఉందో అన్నాడు. మూడోది ఎదురు వరస పెయింటరుది. దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. సినిమాకు టైమవుతోంది నాన్నా అని నేను లాగుతూనే ఉన్నాను. ఇదిగో, ఇదిగో అంటూనే ఉన్నాడు. ఆ నడకంతా నా అరచేతిలో ఏదో కదులుతూ ఉంది. మొదట వణుకనుకున్నాను. కాదు. ఆయన చూపుడువేలు నా అరచేతిలో అక్షరాలు రాస్తోంది. ఏ బోర్డు ముందు నిలబడితే ఆ బోర్డు, ఈసారి సరిగ్గా. పైగీత కూడా లాగుతున్నాడు. ఆయనకు ఆ సంగతి తెలియదు. నాకు ఏడుపొచ్చింది. సినిమా పోయినందుకని ఆయన అనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను.

ఇంటికొచ్చేసరికి సాయంత్రమైంది. సిగరెట్టు పెట్టె అట్ట వెనకాల నాలుగు కొత్త ఆర్డర్లు రాసుకొచ్చాడు. అంత హుషారుగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. సెలవు బ్రహ్మాండంగా గడిచిందని అమ్మతో చెప్పాడు. మా అమ్మ మిగిలిన గారెలు తీసి పక్కింటివాళ్లకు ఇచ్చేసింది.

బోర్డు మాత్రం అలాగే ఉంది. ప్రతి మంగళవారమూ కొట్టు తలుపు మూసే ఉండేది. నాన్న పొద్దున్నే చొక్కా మార్చుకుని, అలా తిరిగొస్తానని వెళ్లేవాడు. తాతయ్య సంతోషించాడు, చెయ్యి బాగుపడుతుందని అందరికీ చెప్పుకున్నాడు. రెండు నెలలు గడిచాక, నాకు బడి లేని ఒక మంగళవారం మధ్యాహ్నం నన్ను వెంటబెట్టుకుని కూరలకు వెళ్తూ ఆ కొట్టు ముందుగా నడిచాడు. తలుపు మూసే ఉంది. బోర్డూ ఉంది. తలుపు కింది సందులోంచి టర్పెంటైన్ వాసన వస్తోంది. లోపల కుంచెను డబ్బా అంచుకు కొట్టిన చప్పుడు వినిపించింది.

తాతయ్య కూరల సంచి నాకిచ్చి, తలుపు పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు. తలుపు కొట్టలేదు, పిలవలేదు. చాలాసేపటికి మా నాన్న ఏదో పని మీద తలుపు ఓరగా తీశాడు. గడియ వేసి చీకట్లో పని చేశాడేమో, వెలుతురికి కళ్లు చికిలించుకున్నాడు. మణికట్టుకు రుమాలుంది. ముగ్గురం ఒకళ్లనొకళ్లం చూసుకున్నాం. తాతయ్య మెల్లగా లేచాడు. "నువ్వు బోరుడు రాసేవు గానీ సదవలేదు బాబూ," అన్నాడు. అంతే. నా చేతిలోంచి సంచి తీసుకుని నడిచాడు. ఆ తర్వాత మళ్లీ ఆ కొట్టు వైపు రాలేదు. మా నాన్న మీద కోపంతో కాదు. తన వల్ల కాదని తెలుసుకుని రాలేదు. కోపమైతే నాలుగు రోజులకు తగ్గేది.

నేను తొమ్మిదో తరగతిలోకి వచ్చేసరికి ఆ చెయ్యి పూర్తిగా పోయింది. గ్లాసు పట్టుకుంటే నీళ్లన్నీ ఒళ్లో ఒలికేవి. వారానికి ఒక్కరోజు ఇవ్వలేనివాడు ఏడు రోజులూ ఇచ్చేసి వసారాలో కూర్చున్నాడు. ఎడమచేత్తో తినడానికి మనసొప్పేది కాదు. మా అమ్మ అన్నం కలిపి ముద్దలు పెట్టేది. మేం చూడకూడదని గోడవైపు తిరిగి తినేవాడు. కొట్టు ఖాళీ చేసిన రోజున సామానంతా ఎవరెవరో తీసుకున్నారు. అక్కడికి వచ్చిన కొత్త గాజుల కొట్టుకు ఎదురు వరస పెయింటరే బోర్డు రాశాడు. నేను 'మంగళ్‌వార్ బంద్' ఒక్కటీ పీక్కుని ఇంటికి తెచ్చుకున్నాను. ఎందుకని ఎవరూ అడగలేదు.

అది ఇప్పటికీ నా దగ్గరుంది. మా ఆయన పోయాక నేను మా ఇంటి ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకున్నాను, పాతికేళ్లయింది. పెట్టిన మొదటి రోజే ఆ బోర్డు తలుపుకు తగిలించాను. మా నాన్న చేసిన తప్పు నేను చెయ్యనని అందరితో గొప్పగా చెప్పుకున్నాను కూడా. కొన్నాళ్లు నిజంగానే మంగళవారాలు మిషను మీద గుడ్డ కప్పి ఉంచాను. తర్వాత పెళ్లిళ్ల రోజులొచ్చాయి. అడిగిన రోజుకు కుట్టి ఇవ్వకపోతే వెనుక వీధిలో కొత్తగా కుట్టడం మొదలుపెట్టిన ఆవిడ దగ్గరకు పోతారు. ఒక్క జాకెట్టేగా అనుకున్నాను. ఆ తర్వాత తలుపు వేసి కుట్టడం అలవాటైపోయింది. బయట ఎర్రటి అక్షరాలు ఒక్క ఒణుకు లేకుండా నిలబడి ఉంటాయి, లోపల నేను మిషను తొక్కుతూ ఉంటాను. తాతయ్య ఆ రోజు ఏం చెప్పాడో నాకు పొల్లుపోకుండా తెలుసు. తెలియడం వల్ల ఒరిగిందేమీ లేదు.

ఈ మధ్య రాయపూర్ కొత్త రాష్ట్రానికి రాజధాని అయింది. ఊరంతా కొత్త బోర్డులు, మిషను మీద అచ్చేసినవి. మా నాన్న రాసినవి ఒక్కటీ మిగల్లేదు, నా తలుపుకున్నది తప్ప. మొన్న మంగళవారం తలుపు వేసుకుని కూర్చుంటే సూదిలోకి దారం ఎక్కలేదు. రెండోసారీ ఎక్కలేదు. కళ్ల జోడు తుడుచుకుని చూశాను, తప్పు కళ్లది కాదు. మా మనవరాలిని పిలిచాను. ఎనిమిదేళ్లది, చురుకైన పిల్ల. దారం ఎక్కించి ఇచ్చి, ఎందుకో నా చెయ్యి వదల్లేదు. రెండు చేతుల్లోనూ పట్టుకుని కాసేపు అలాగే ఉంది. "అమ్మమ్మా, నీ చెయ్యి నా చేతిలో ఏదో కుడుతోంది," అంది.

ఏమీ లేదమ్మా అని, చెయ్యి వెనక్కి తీసుకుని, మిషను తొక్కాను.