నలభై ఆరో ఏట తెల్లకోటు

మొన్న రాజమండ్రిలో మా ల్యాబుకి వచ్చిన ఓ పెద్దాయన, నేను జబ్బకి రబ్బరు పట్టీ బిగిస్తుంటే నా నెరిసిన మీసం చూసి ధైర్యం తెచ్చుకున్నాడు. "ఎన్నేళ్ళ సర్వీసండీ తమది?" అన్నాడు. "ఎనిమిది నెలలండీ" అన్నాను. పాపం చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు గానీ అప్పటికే సూది దిగిపోయింది. నొప్పే తెలియలేదని మెచ్చుకుని మరీ వెళ్ళాడు.

అంతకుముందు పద్దెనిమిదేళ్ళు భీమవరం దగ్గర మా అక్కయ్య భర్తకున్న రొయ్యల చెరువులు చూసేవాణ్ణి. రొయ్యని పెంచేవాడికి కంటినిండా నిద్ర ఉండదు. వరసగా రెండు పంటలు వైరస్ తినేశాక, చచ్చి తేలిన రొయ్యల్ని ఇక చూడలేననిపించింది. ఎప్పుడో చదివిన ఇంటర్ బైపీసీని పట్టుకుని, నలభై ఆరో ఏట ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేరతానన్నాను. మా బావగారు నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. "చదువుకోవయ్యా, కాదన్ను. తప్పావంటే మాత్రం మారుమాట లేకుండా మళ్ళీ చెరువు గట్టు మీదకి వచ్చెయ్యాలి" అన్నారు. సరేనన్నాను.

చేరిన మొదటి నెల్లోనే పరువు పోయింది. చెరువు నీళ్ళలో ఉప్పెంతుందో చెప్పడానికి మీటర్లున్నాయి గానీ, నాలాంటి పాతకాపులు వేలు ముంచి నాలిక్కి రాసుకుని చెప్పేస్తారు. నా లెక్క మీటరుకి అటూ ఇటూగా సరిపోయేది కూడాను. ప్రాక్టికల్ క్లాసులో గాజు గ్లాసులో ఏదో పోసిచ్చి పరీక్ష చెయ్యమన్నారు. గ్లౌజుల సంగతి మరిచి, అలవాటుకొద్దీ వేలు ముంచి నోటిదాకా తెచ్చాను. మా మేడం, మా పెద్దమ్మాయికంటే ఓ రెండేళ్ళు పెద్దదేమో, పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "ఏంటండీ బాబాయిగారూ! అది పేషెంటు యూరినండీ!" క్లాసంతా బల్లల మీద పడి నవ్వింది. నేనూ నవ్వుతూనే వెళ్ళి ఆ వేలు సబ్బుతో నాలుగుసార్లు కడుక్కున్నాను. బుద్ధి గడ్డితిని ఇంటికెళ్ళి చెబితే, మా ఆవిడ మూడు రోజులపాటు నాకు మంచినీళ్ళు విడి గ్లాసులో ఇచ్చింది.

రెండేళ్ళూ గడిచి ఆఖరి ప్రాక్టికల్ పరీక్ష వచ్చింది. వేరే ఊరి నుంచి వచ్చిన ఎగ్జామినర్ నాకో శాంపిల్ ఇచ్చి, అందులో చక్కెర ఉందో లేదో తేల్చమన్నారు. నీలం మందులో కలిపి వేడి చెయ్యాలి, చక్కెర ఎక్కువుంటే ఇటుక రంగుకి తిరుగుతుంది. వేడి చేస్తున్నాను, నీలంగానే ఉంది. చెరువు గట్టు, నీళ్ళలో గాలి చిలికే ఏరేటర్ల చప్పుడు, బావగారి మొహం అన్నీ కళ్ళముందుకొచ్చేశాయి. "లేదండీ" అనెయ్యబోయాను. మేడం మాతో పదేపదే అనే మాట గుర్తొచ్చి ఆగాను: "తొందరెందుకండీ, దాని టైం దానికివ్వండి." కాసేపటికి ఆకుపచ్చగా మారింది, తర్వాత పసుపు, ఆ తర్వాత అసలైన ఇటుక రంగు. అమ్మయ్య అని పైకే అనేశాను. ఎగ్జామినర్ కళ్ళజోడు పైనుంచి చూసి మార్కులు వేసుకున్నారు.

ఫలితాలొచ్చిన రోజు బావగారికి ఫోన్ చేశాను. "ప్యాసయ్యానండీ" అన్నాను. "అయితే ఇంక రావన్నమాట" అన్నారు. "రానండి" అన్నాను. "మంచిపని చేశావయ్యా. నేనే బయటపడలేకపోతున్నాను" అన్నారాయన. పద్దెనిమిదేళ్ళలో ఆయన నోట అలాంటి మాట వినలేదు, ఏడుపొచ్చింది. ఆ మధ్యాహ్నం ఒళ్ళు మరిచి పడుకుంటే మా ఆవిడ దీపాలవేళకి లేపింది. ఇంకో ఏడాదిలో నాకు యాభై వస్తుంది. చదవకపోయినా వచ్చేదే, కాకపోతే గట్టు మీద వచ్చేది.