అత్తగారి ఫొటో వెనక షేర్లు

మా బావ ఫొటోలకు ఫ్రేములు కడతాడు. ఈమధ్య షేర్ మార్కెట్ మీద ఉపన్యాసాలు కూడా ఇస్తున్నాడు. గాజు కోయడం పూర్తయ్యేదాకా కదల్లేరు కాబట్టి వచ్చినవాళ్లు వినక తప్పదు. "ఓపిక ఉండాలండీ. ఇరవై రెండేళ్లు నా షేర్లు నేను ముట్టుకోలేదు" అంటాడు. అది నిజమే. ఎందుకు ముట్టుకోలేదో నేను చెబుతాను.

అప్పట్లో ఎవరో చెప్పగా విని ఒక రంగుల కంపెనీ షేర్లు కొన్నాడు. మూడో నెలకే ధర సగానికి పడింది. మనిషికి నిద్ర లేదు, తిండి సయించదు. ఆ కోపంలో రెండు గాజు పలకలు పగలగొట్టాడు. వచ్చినకాడికి అమ్మేద్దామని బీరువా తెరిస్తే షేరు కాగితం లేదు. ఇంట్లో ఏది పోయినా దొంగ ఎవరో ఆయనకు ముందే తెలుసు. మా అక్క పాత పేపర్లతో కలిపి అమ్మేసిందని తేల్చేశాడు. అక్క మాత్రం "కనపడితే చెప్తాలెండి" అని ఊరుకుంది. నకలు కోసం వెళితే పోలీసుల దగ్గర కాగితం, ఇద్దరు సాక్షులు కావాలన్నారట. ఓపిక గురించి ఇప్పుడింత చెబుతున్న మా బావ అక్కడితో వదిలేశాడు.

ఆ తర్వాత ఇంట్లో చెంచా కనపడకపోయినా ఆ కాగితం మాటెత్తి అక్కను నలుగురిలో దెప్పేవాడు. నేనూ నవ్వేవాడిని. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పోయినేడు బావ అద్దెకున్న కొట్టు గదిని దాని యజమాని అమ్మకానికి పెట్టాడు. కొంటే కొనండి, లేదంటే ఏడాదిలో ఖాళీ చేయండి అన్నాడు. ముప్పై ఏళ్లుగా కూర్చున్న కొట్టు అది. ఈ వయసులో ఇంకో వీధిలో మొదలుపెట్టడం బావ వల్ల కాదు. రెండు రోజులు పని ముట్టుకోకుండా కూర్చున్నాడు.

మూడో రోజు అక్క ఇంట్లోంచి వాళ్ల అత్తగారి ఫొటో తెచ్చి కొట్టులో బల్ల మీద బోర్లించింది. బావ వద్దంటున్నా వినకుండా తనే వెనక మేకులు పీకింది. అట్ట తీస్తే ఫొటోకీ అట్టకీ మధ్య షేరు కాగితం, నలగకుండా ఉంది.

"ఊళ్లో అందరి ఫ్రేములూ విప్పుతారు, మీ అమ్మది మాత్రం విప్పరు. మీ చేతికిస్తే ఆ వారమే అమ్మేసేవారు. తిట్లు తినడం నాకేం కొత్తా?" అంది అక్క.

బావ ఆ ఫొటో గాజునే చాలాసేపు తుడిచాడు.

కాగితం షేర్లను ఖాతాలోకి మార్పించడానికి నాలుగు నెలలు నేనే తిరిగాను. కంపెనీ ఏళ్లుగా ఇచ్చిన బోనస్ షేర్లూ కలిసి, సగం అమ్మేసరికే కొట్టు బావ సొంతమైంది. మిగతా సగం ఉన్న ఖాతా ఇప్పుడు అక్క ఫోనులో ఉంది.

మొన్న ఉపన్యాసం మధ్యలో ఎవరో మార్కెట్ పడిందన్నారు. బావ గాజు బల్ల మీదే వదిలేసి ఇంటికి పరిగెత్తి పాస్‌వర్డ్ ఏమిటని అడిగాడట. అక్క బట్టలు మడత పెడుతూ, "గుర్తులేదండీ. గుర్తొస్తే చెప్తాలెండి" అందట.

బావ కాసేపు గోడ మీది వాళ్లమ్మ ఫొటో చూసి, కొట్టుకు తిరిగొచ్చి, ఆపిన చోటి నుంచి మళ్లీ ఓపిక గురించి మొదలుపెట్టాడు.