మధ్యాహ్నం లాగాల్సిన తుమ్మకంప

రిటైరవడానికి మూడేళ్ళ ముందు, సెప్టెంబరులో, నన్ను తమిళనాడు ధర్మపురి జిల్లా పెన్నాగరంలో వ్యవసాయ సహాయ అధికారిగా వేశారు. పేరులో అధికారి అని ఉన్నా అది కింది మెట్టు. పైవాళ్ళు కాగితం మీద రాసింది చేలో మొలిపించాల్సింది మేమే. తమిళ లెక్కలో అది పురటాసి నెల, మెట్టచేలల్లో ఉలవలు వేసే అదను.

నాకు అప్పగించింది ప్రదర్శన క్షేత్రం. అంటే, ఒక రైతు చేలో కొత్త పద్ధతి చేసి చూపి ఊరిని ఒప్పించడం. ఎకరం చేను, రెండు ఆవులు ఉన్న మునెమ్మ ఒప్పుకుంది. నాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి కావడంతో నా చొరవ కాస్త ఎక్కువైంది. ఆమె ఎప్పుడూ ఉలవలు వెదజల్లి దున్నేది. నేను గొర్రుతో వరసలుగా విత్తించి, పైన బరువైన పలక తోలించాను. చేను అద్దంలా ఉందని మురిసిపోయాను కూడా.

ఆ సాయంత్రమే జడివాన, ఆపైన నాలుగు రోజులు ఎండ. పలక కింద మెత్తగా అణిగిన ఎర్రనేల అట్టకట్టింది. గోటితో పెకలిస్తే కింద మొలకలు మెడలు వంచుకుని ఉన్నాయి; నెర్రెలిచ్చిన చోట కొన్నే తలెత్తాయి. మళ్ళీ విత్తేంత తడి పదును నేలలో లేదు. ఆ ఏడు ఆమె తిండికీ, ఆవుల మేతకూ ఆ ఎకరమే ఆధారం. నాకు నిజంగా భయం వేసింది.

"సదును జేసేది మీకు బాగా వచ్చు సారూ," అని ఎత్తిపొడిచి, మునెమ్మ తుమ్మకంప కొట్టుకొచ్చింది. దాన్ని చేను మీద తేలిగ్గా లాగితే అట్టకట్టిన పెచ్చు చిట్లుతుందట. పొద్దున ఏడైంది, ఇప్పుడే లాగుదామన్నాను.

"ఇప్పుడు మొలక బిరుసుగా ఉంటాది, విరిగిపోతాది. ఎండకి వాడినంక అయితే వంగుతాది," అంది.

నమ్మకం కలగలేదు, కానీ నిజమెంతో చూడాలనిపించింది. బతిమాలితే గట్టువార రెండు వరసలు ఇచ్చింది. నేనే లాగాను. కూర్చుని చూస్తే, నెర్రెల్లోంచి తలెత్తిన మొలకల్లో సగానికి సగం విరిగి ఉన్నాయి. మిగతా చేనంతా ఆమె మధ్యాహ్నం రెండు గంటల ఎండలో లాగింది. అక్కడ వెతికి వెతికి ఏరినా విరిగినవి గుప్పెడు లేవు. వారానికల్లా చేను పచ్చబడింది. నా రెండు వరసలు బోసిగా మిగిలాయి.

నివేదిక ఫారంలో విత్తన రకానికి, వరసల ఎడానికి, ఎరువుకు గళ్ళున్నాయి. పని ఏ వేళప్పుడు చేశారో రాసే గడి లేదు. అంచున రాసి పంపాను. పైనుంచి ఎవరూ ఏమీ అడగలేదు.

ఆ తరవాత ఏ చేలో కొత్త పనిముట్టు దింపాలన్నా ముందు ఒక మాట అడిగేవాణ్ణి: ఇది బెడిసికొడితే మీరేం చేస్తారు? వాళ్ళ దగ్గరా, నా దగ్గరా జవాబు లేని చోట దాన్ని దింపలేదు.